పాత ట్రాక్టరును ఏ త్రాసులో తూచాలి?



మిరపకాయలు కల్లాలు దాటి, తొలకరికి ఇంకా సమయం ఉన్న ఈ రోజుల్లో మన ఊళ్లలో రెండు మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి పెళ్లి సంబంధాలు, రెండోది పాత ట్రాక్టర్లు. రెండింటికీ మమ్మల్ని ప్రార్థనకు పిలుస్తారు. రెండింటిలోనూ అంతా ఖాయమైపోయాకే పిలుస్తారు. ఈసారి మాత్రం కొన్ని కుటుంబాలవారు కొనకముందే వచ్చి, "అయ్యగారూ, పాతది కొనమంటారా, వద్దంటారా?" అని అడిగారు. ఆ ప్రశ్న చాలామందిది కాబట్టి జవాబు ఇక్కడ రాస్తున్నాం.

మేము మెకానిక్కులం కాము. కానీ దీనిని వాక్యానికి సంబంధం లేని సంగతి అనుకోము. ఒక చిన్న రైతు తన ఇంటి సొమ్మంతా పోసి కొనే వస్తువు ఇది. ఆ ఇంటి కుర్రవాడు రోజంతా దాని మీదే కూర్చుంటాడు. కూలికి వెళ్లే అక్కచెల్లెళ్లు దాని వెనకే ఉంటారు. అలాంటి బేరంలో దేవుని మాటకు చోటు లేదంటే, ఇక ఆదివారం మన ప్రసంగాలు ఎవరికోసం?

ముందుగా మా అభిప్రాయం సూటిగా చెబుతాం. పాత ట్రాక్టరులో లోపాలు రెండు రకాలు. డబ్బు తినే లోపాలు, ప్రాణం తీసే లోపాలు. మొదటి రకాన్ని దాని మంచి గుణాలతో పాటు త్రాసులో వేసి తూచవచ్చు. రెండో రకాన్ని త్రాసులో వేయనే కూడదు. వాటిని బాగుచేయించాలి, లేదంటే ఆ బండిని వదిలేయాలి.

ముందు మంచి గుణాలు చూద్దాం. మన ప్రాంతంలో బేరానికి వచ్చేవాటిలో ఎర్ర రంగు మాస్సీ ఫెర్గూసన్ 1035 తరచుగా కనిపిస్తుంది. మద్రాసులో 1960లో మొదలైన టాఫే సంస్థ మన దేశంలో తయారుచేసిన ట్రాక్టర్ల కుటుంబం అది. మూడు సిలిండర్ల సింప్సన్ డీజిల్ ఇంజను, 35 హార్స్ పవర్‌కు అటూ ఇటూ బలం. పాతవాటిలో ముందుకు ఆరు గేర్లు, వెనక్కి రెండు. అందులో కంప్యూటరు లేదు, సెన్సార్లు లేవు. మండల కేంద్రంలో షెడ్డు పెట్టుకున్న ఏ మెకానిక్కయినా విప్పి చూడగలడు. పాత మోడలే అయినా సామాన్లు దొరుకుతాయి. ఒళ్లు తేలిక కాబట్టి కాలువ కింద పొలంలో కేజ్ వీల్స్ వేసి దమ్ము చేసేటప్పుడు బరువైన బండ్లంతగా దిగబడదు. గొర్రు తోలడానికి, అచ్చు వేయడానికి, ట్రాలీ లాగడానికి చిన్న రైతుకు ఆ బలం సరిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అప్పు లేకుండానో, కొద్ది అప్పుతోనో కొనవచ్చు. కొత్త ట్రాక్టరు కిస్తీల కోసం ఉన్న పొలాన్ని తాకట్టు పెట్టినవారు మన మధ్యలోనే ఉన్నారు. అప్పు తీసుకున్నవాడు ఇచ్చినవాడికి దాసుడవుతాడన్న సామెతల గ్రంథపు హెచ్చరిక (22:7) వారికి బాగా తెలుసు.

ఈ బండి చరిత్రలో ఒక మంచి సంగతి కూడా ఉంది. నాగలిని ట్రాక్టరుకు మూడు చోట్ల కలిపి, హైడ్రాలిక్ సాయంతో పైకి లేపి దించే పద్ధతిని రూపొందించినవాడు ఐర్లండు రైతుబిడ్డ హ్యారీ ఫెర్గూసన్. ఈ ట్రాక్టరు పేరులో రెండో సగం ఆయనదే. అంతకుముందు నాగలిని వెనక గొలుసులా లాగేవారు. నాగలి రాతికో మొద్దుకో తగిలి ఆగితే ట్రాక్టరు ముందు చక్రాలు పైకి లేచి డ్రైవరు మీదికి తిరగబడేది. ఫెర్గూసన్ పద్ధతిలో నాగలి మీద పడిన బలమే ట్రాక్టరును నేలకు అదిమి పెడుతుంది. ఈ రోజు దాదాపు ప్రతి ట్రాక్టరు వెనకా మనం చూసే మూడు చేతుల అమరిక అదే. పని సులువు చేయాలన్న ఆలోచనతో పాటు మనిషిని కాపాడాలన్న ఆలోచన కూడా ఆ పనిముట్టులో ఉందని గుర్తుంచుకోండి. మళ్లీ ఆ సంగతికి వస్తాం.

ఇక డబ్బు తినే లోపాలు. వీటిని తెలుసుకోవాలంటే తెల్లవారుజామున వెళ్లాలి. అమ్మేవారు ముందే స్టార్ట్ చేసి వేడెక్కించకముందు ఇంజను మీద చెయ్యి పెట్టి చూడాలి. చల్లటి ఇంజను రెండు మూడు తిప్పులకు అందుకుంటే మంచిదే. కాసేపు నడిచాక కూడా నీలిపొగ ఆగకపోతే ఇంజను ఆయిలు కాలిపోతోందని అర్థం. లోడు లేకుండానే నల్లపొగ వస్తుంటే డీజిలు సరిగా మండడం లేదు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీస్తే అక్కడినుండి పొగ దబదబా కొడుతోందా చూడండి. కొడితే రింగులు, లైనర్లు అరిగాయి, బోరు పని దగ్గరపడింది. రేడియేటరు మూతను చల్లగా ఉన్నప్పుడే తీయండి. నీటి మీద నూనె తేలుతుంటే హెడ్ గ్యాస్కెట్ దగ్గరో, ఇంకా లోపలో తేడా ఉంది. గొర్రును లిఫ్టుతో పైకెత్తి, ఇంజను ఆపి, టీ తాగి రండి. ఈలోగానే అది నేలకు దిగిపోతే హైడ్రాలిక్ పని మిగిలి ఉంది. గేర్లు జారడం, క్లచ్చి పట్టకపోవడం, టైర్లు అరగడం, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కొక్కదానికి ఎంతవుతుందో మీ మెకానిక్కును అడిగి పక్కన వేయండి.

ఆ కాగితం మీద రాయని ఖర్చులు రెండున్నాయి. ఒకటి డీజిలు. అరిగిన ఇంజను గంటకు ఒక్క లీటరు ఎక్కువ తాగినా, ఏడాదికి 400 గంటలు నడిపితే 400 లీటర్లు. రెండోది పోయిన రోజు. అదను మీద బండి ఆగితే రిపేరు బిల్లుతో నష్టం ఆగదు, విత్తనం పడాల్సిన పదును వెళ్లిపోతుంది. ఇంకో మాట. యువకులు చాలామంది రోటవేటరు తగిలించి కిరాయిలకు తిప్పుదామని లెక్క వేసుకుంటున్నారు. పెద్ద రోటవేటరు పాత 35 హార్స్ పవర్ బండికి భారం. ముసలి ఎద్దుతో రెండు కాండ్ల బరువు లాగించినట్టే. అది చేయగల పనికి కొనండి, మీ ఆశ చేయించాలనుకునే పనికి కొనవద్దు.

గోపురం కట్టదలచినవాడు మొదట కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగినది (లూకా 14:28) శిష్యత్వాన్ని గురించే. అయినా ఆ ఉదాహరణను ఆయన లోకజ్ఞానం నుండే తీసుకున్నాడు. లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు. అలాగని లోపాలు మాత్రమే వెతికి భయపడి కూర్చోవడం కూడా తెలివి కాదు. ఎద్దులు లేని దొడ్డి శుభ్రంగానే ఉంటుంది, కానీ పంట వచ్చేది ఎద్దు బలంవల్లే అని సామెతలు 14:4 చెబుతున్న భావం. పేడ ఎత్తడం ఇష్టంలేనివాడికి పంట లేదు. చేతికి గ్రీజు అంటడం ఇష్టంలేనివాడికి పాత ట్రాక్టరు పనికిరాదు. ఓపిక, కొంచెం పనితనం, దగ్గరలో నమ్మకమైన మెకానిక్కు ఉన్న చిన్న రైతుకు అది మంచి సేవకుడే.

ఇప్పుడు రెండో రకం. బేరాల దగ్గర మేము గమనించినదేమిటంటే, రంగు గురించి గంట మాట్లాడతారు, టైర్ల గురించి ఇంకో గంట. బ్రేకు సంగతి ఎవరైనా ఎత్తితే, "పొలంలో తిరిగే బండికి బ్రేకు ఎందుకులే" అని నవ్వేస్తారు. దోమను జాగ్రత్తగా వడబోసి, ఒంటెను గుటుక్కున మింగేస్తున్నారని ప్రభువు పరిసయ్యులను గద్దించిన సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు.

ట్రాక్టరుకు రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి, కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి. పొలంలో మలుపు తిరగడానికి విడివిడిగా వాడతారు. రోడ్డు ఎక్కేముందు రెండింటినీ కలిపి గొళ్లెం వేయాలి. పాత బండ్లలో చాలావాటికి ఆ గొళ్లెమే ఉండదు. రోడ్డు మీద తొందరలో ఒక్క పెడలే పడితే బండి ఒక పక్కకు లాగేస్తుంది, వెనక ట్రాలీ తోస్తుంది, పక్కన కాలువ ఉంటుంది. తర్వాత స్టీరింగు. చక్రం కదలకుండా స్టీరింగు పావువంతు తిరుగుతోందంటే అది డ్రైవరు చేతిలో లేదు. పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. దాని మీద మూత లేకపోతే పంచె కొంగో, చీర చెంగో, చున్నీయో చిక్కిందంటే చెయ్యి వెనక్కి తీసుకునే సమయం ఉండదు. తాళంచెవి పాడైందని కింద నిలబడి స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపి స్టార్ట్ చేసే అలవాటు ఉంది. బండి గేరులో ఉంటే పెద్ద చక్రం ఆ మనిషి మీదుగానే వెళుతుంది. దమ్ములో వెనక చక్రాలు దిగబడినప్పుడు ముందుకే రెచ్చగొట్టి తోలితే ముందు చక్రాలు పైకి లేస్తాయి, దూకేలోపే బండి వెనక్కి తిరగబడుతుంది. దిగబడితే వెనక్కి తీయాలి, లేదా ఇంకో బండితో లాగించాలి. ఇక ట్రాలీకి వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు లేకపోతే, చీకట్లో మోటారుసైకిలు మీద వచ్చేవాడికి అది చివరి క్షణం వరకు కనబడదు.

కొత్త ఇల్లు కట్టినప్పుడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలని, ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటిమీదికి వస్తుందని ధర్మశాస్త్రం చెప్పింది (ద్వితీయోపదేశకాండము 22:8). ట్రాక్టరు తిరగబడినా డ్రైవరు నలగకుండా సీటు వెనక వేసే బలమైన ఇనుప చట్రం అలాంటి పిట్టగోడే. స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకు దాన్ని తప్పనిసరి చేసింది. ఆ తరువాత అక్కడ ట్రాక్టరు తిరగబడి చనిపోయేవారు బాగా తగ్గిపోయారు. మన పాత బండ్లకు ఆ చట్రం ఉండదు. కనీసం వాటిని నడిపే కుర్రవాళ్లు కాలువ కట్ట మీద, గట్టు అంచున నెమ్మదిగా వెళ్లాలి. మడ్‌గార్డు మీద తమ్ముడినో, స్నేహితుడినో కూర్చోబెట్టుకోకూడదు. ఆ చోటు సీటు కాదు.

అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నది మన కూలి అక్కచెల్లెళ్లు. 2018లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ఏప్రిల్‌లో, యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర జూన్‌లో, కూలీలతో వెళుతున్న ట్రాక్టర్లు కాలువల్లో పడ్డాయి. చనిపోయినవారిలో అత్యధికులు స్త్రీలే. పొద్దున అన్నం క్యారేజీ కట్టుకుని పనికి బయల్దేరిన తల్లులు వారు. ట్రాలీ తయారైంది ధాన్యానికి, ఎరువుకు. దానికి మనిషి పట్టుకునే కడ్డీ లేదు, కుదుపును ఆపే స్ప్రింగు లేదు. వ్యవసాయం కోసమని కట్టిన ఇన్సూరెన్సు ట్రాలీలో కూర్చున్న మనిషికి వర్తించదని కంపెనీలు కోర్టుల్లో వాదిస్తాయి. ప్రాణం పోయిన ఇంటికి ఏళ్ల తరబడి ఆ వాదనే మిగులుతుంది.

"అయ్యగారూ, మరి కూలీలను పొలానికి ఎలా చేర్చాలి? ఆటో పెడితే గిట్టుబాటవుతుందా?" అని రైతులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మిరపకు రేటు లేని ఏడాది ఒక్కో వంద రూపాయలూ లెక్కే. కిక్కిరిసిన ఆటో కూడా క్షేమం కాదు. అయితే ఒకే దిక్కున పొలాలున్న ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి బండి మాట్లాడుకోవచ్చు. రెండు ట్రిప్పులు వేయవచ్చు. అరగంట ముందు బయల్దేరవచ్చు. ఖర్చు పంచుకోవచ్చు, ప్రాణాన్ని పంచుకోలేం. ఈ మాట సంఘానికి కూడా వర్తిస్తుంది. క్రిస్మస్ ర్యాలీకైనా, ఉజ్జీవ సభలకైనా, సమాధి కార్యక్రమానికైనా ట్రాలీలో మనుషులను ఎక్కించడం తగదు.

ఇక అమ్మేవారికి ఒక మాట. కొనేవాడు సరుకు చూసి బాగాలేదు బాగాలేదని ముఖం ముడిచి, కొనుక్కుని వెళ్లాక తన తెలివిని తానే మెచ్చుకుంటాడని సామెతలు 20:14 నవ్వు తెప్పించేలా చెబుతుంది. కొనేవారూ, మంచిని మంచి అనండి. అమ్మేవారి వంతు ఇంకా పెద్దది. పొడిచే ఎద్దని ముందే తెలిసి కూడా యజమాని కట్టేయకపోతే, అది మనిషిని చంపినప్పుడు దోషం ఎద్దు మీదే ఆగదని నిర్గమకాండము 21:29 బోధిస్తుంది. బ్రేకు పట్టదని తెలిసి, అరకిలోమీటరు మెల్లగా నడిపి చూపించి, నోరు మూసుకుని డబ్బు లెక్కపెట్టుకున్నవాడు ఆ వాక్యాన్ని మోకాళ్ల మీద చదవాలి. లోపం చెబితే పదివేలు తగ్గుతుందంటారా? తగ్గనివ్వండి. సంచిలో రెండు రకాల రాళ్లు పెట్టుకోవద్దని దేవుడు ఇశ్రాయేలుకు చెప్పింది సంతలో జరిగే పని గురించే కదా.

కాగితాల దగ్గర కూడా ఇదే నిజాయితీ కావాలి. "మనవాడే, మాట చాలు" అని ఆర్‌సీ మార్చకుండా వదిలేసినవారు ఎందరో. పైన చెప్పిన ఫెర్గూసన్ 1938లో అమెరికాలో హెన్రీ ఫోర్డుతో కేవలం చేతిలో చెయ్యి వేసుకుని ఒప్పందం చేసుకున్నాడు, కాగితం లేదు. ఫోర్డు మనవడి కాలానికి ఆ మాట చెల్లలేదు. కోర్టుకెక్కిన ఆ గొడవ 1952లో 92 లక్షల 50 వేల డాలర్లు చెల్లించడంతో ముగిసింది. అంత పెద్దవాళ్ల మాటే అలా అయితే మన బేరం ఎంత? మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. అమ్మేసినా రికార్డుల్లో ఎవరి పేరు ఉందో ప్రమాదంలో నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి పేరు మార్చడం అమ్మినవారికీ క్షేమమే. రిజిస్ట్రేషను 15 ఏళ్లు దాటిందా, తిరిగి చేయించారా, ఆర్‌సీలో ఫైనాన్సు కంపెనీ పేరు ఇంకా ఉందా, ఉంటే ఎన్‌ఓసీ ఉందా, ఛాసిస్ నంబరు కాగితంతో కలుస్తోందా, బయానా ఇవ్వకముందే చూడండి.

చివరిగా ప్రార్థన సంగతి. కొత్త బండి చక్రాల కింద మనం నిమ్మకాయలు పెట్టం. అది మన విశ్వాసం. కానీ బ్రేకు చూడకుండా, మూత బిగించకుండా పాస్టరుగారి ప్రార్థన ఉంది కదా అని ధైర్యపడితే, ప్రార్థననే నిమ్మకాయను చేసినట్టు కాదా? దేవాలయ శిఖరం నుండి దూకమన్న శోధకుడికి ప్రభువు ఒప్పుకోలేదు. ప్రభువైన నీ దేవుణ్ణి పరీక్షించవద్దన్నదే ఆయన జవాబులోని భావం.

అందుకని ఇకమీదట ట్రాక్టరు ప్రార్థనకు పిలిచినవారిని మేము ముందుగా కొన్ని ప్రశ్నలు అడుగుతాం. రెండు బ్రేకులు సమానంగా పడుతున్నాయా, గొళ్లెం ఉందా? పీటీఓకి మూత ఉందా? ట్రాలీ వెనక రిఫ్లెక్టర్లు అంటించారా? ఆర్‌సీ ఎవరి పేరున ఉంది? ట్రాలీలో మనుషులను ఎక్కించబోమని మాట ఇస్తారా? "పాస్టరుగారు ప్రార్థనకు షరతులు పెడుతున్నారు" అని కొందరు నొచ్చుకోవచ్చు. రోగి మంచం దగ్గరికి అర్ధరాత్రి పిలిచినా ఏ ప్రశ్నా లేకుండా వస్తాం. అప్పుల్లో ఉన్నవారి ఇంటికీ, ప్రమాదం జరిగిన ఇంటికీ వస్తాం. కానీ ఒక బండి మీద చెయ్యి ఉంచి ఆశీర్వదించడమంటే, ఇది మేలు చేసే వస్తువని పదిమంది ముందు చెప్పడం. ఆ మాట నిజమై ఉండాలి. రిఫ్లెక్టర్లకు డబ్బు లేకపోతే చెప్పండి, ఆ చిన్న ఖర్చు సంఘపు యువకులు చూసుకుంటారు.

పాత ట్రాక్టరు కొనండి. చూసి కొనండి, నిజం చెప్పి అమ్మండి, పేరు మార్చండి, ప్రాణం తీసే లోపాన్ని ముందు బాగుచేయించండి. దుక్కికి వెళ్లిన మన పిల్లలను, కూలికి వెళ్లిన మన తల్లులను సాయంత్రం క్షేమంగా ఇంటికి చేర్చే దేవుడు మీ పొలాలను, మీ చేతుల పనిని దీవించును గాక. ఆమేన్.

మీ ఆత్మీయ కాపరి